ఉడుకు నెత్తురు ఆటగాడికి, మేనేజర్ కుర్చీ ఎక్కబోయే ముందు

చిరంజీవికి,

నీ ఉత్తరం అందింది. ఒక ఫుట్‌బాల్ క్లబ్ నిన్ను మేనేజర్‌గా, అంటే జట్టును నడిపే ప్రధాన శిక్షకుడిగా, రమ్మంటోందనీ, నీ మేలు కోరేవాళ్లంతా మాత్రం నీ ముక్కు మీది కోపానికి ఆ పని సరిపడదని వెనక్కి లాగుతున్నారనీ రాశావు. సరిపడుతుందో లేదో నన్నే తేల్చమన్నావు. సరిపడుతుందనే నా నమ్మకం. నాకు బెంగ కలిగించింది నీ కోపం కాదు, ఉత్తరం చివర్లో నువ్వు రాసిన మాట. "నేను ఎలా ఆడానో వాళ్ల చేతా అలాగే ఆడిస్తాను" అన్నావు. ఇప్పటివరకు బోల్తాపడిన గొప్ప ఆటగాళ్లలో చాలామంది సరిగ్గా ఆ ఆలోచనతోనే పనిలో దిగారు.

కోపిష్ఠి ఆటగాళ్లు మేనేజర్లుగా రాణించరన్న వాదన నిలబడదు. అర్జెంటీనా ఆటగాడు డియేగో సిమియోనీని చూడు. ఆడే రోజుల్లో అతని పేరెత్తితేనే ప్రత్యర్థులకు ఒళ్లు మండేది. 1998 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్ కాలు విసిరి రెడ్ కార్డ్ తెచ్చుకున్నది అతని మీదే. 2006లో ఆట విరమించిన వెంటనే అర్జెంటీనాలో రేసింగ్ క్లబ్‌కు మేనేజర్ అయ్యాడు. అదే ఏడాది ఎస్తుదియాంతెస్‌ను, 2008లో రివర్ ప్లేట్‌ను ఛాంపియన్లను చేశాడు. ఆ రివర్ ప్లేటే మరుసటి టోర్నమెంటులో పట్టిక అట్టడుగుకు జారితే రాజీనామా చేసి బయటికి నడిచాడు. 2011 డిసెంబరులో అట్లెటికో మాడ్రిడ్‌కు వచ్చేనాటికి అతను రెండు రుచులూ చూసినవాడు. 2014లో ఒకసారి, 2021లో మరోసారి, రియల్ మాడ్రిడ్‌నూ బార్సిలోనానూ దాటి స్పెయిన్ లీగ్ గెలిచాడు. గీత పక్కన నిలబడి నిప్పులు కక్కే మనిషి అందరికీ కనిపిస్తాడు. నలుగురేసి ఆటగాళ్లతో రెండు వరుసలు, ఆ వరుసల మధ్య ఎడం పెరగనివ్వని క్రమశిక్షణ, బంతి ఒక పక్కకు పోతే జట్టంతా ఒక్కటిగా ఆ పక్కకు జరగడం మాత్రం చాలామంది కంటికి ఆనవు. ప్రతి ఆటగాడికీ తానెక్కడ ఉండాలో ముందే తెలుసు కాబట్టి, సిమియోనీ అరుపు వాళ్లకు తెలిసిన సంగతినే గుర్తుచేస్తుంది. నీ జట్టు ఆడవలసిన ఆట నీ మనసులో అంత స్పష్టంగా ఉందా? గెలవాలన్న కసి గురించి పేజీలకు పేజీలు రాశావు గానీ, ఆట గురించి నీ ఉత్తరంలో ఒక్క పేరా కూడా లేదు.

స్వభావంలో నీకు మరింత దగ్గరివాడు రాయ్ కీన్. 2002 ప్రపంచ కప్‌కు ముందు సైపాన్ శిబిరంలో సాధన ఏర్పాట్లు బాగా లేవని మేనేజర్ మెకార్తీతో గొడవపడి, టోర్నమెంటు మొదలుకాకముందే ఇంటిదారి పట్టిన ఐర్లాండ్ కెప్టెన్ అతను. ఆ జట్టులో సభ్యుడైన నియల్ క్విన్, నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండ్ క్లబ్ సండర్లాండ్ ఛైర్మన్ హోదాలో, రెండో అంచె లీగ్‌లో అడుగున కొట్టుమిట్టాడుతున్న తన జట్టును చక్కదిద్దడానికి అతన్నే పిలిచాడు. ఆ సీజన్ ముగిసేసరికి, అంటే 2007 వసంతానికి, సండర్లాండ్ ఆ లీగ్‌లో ఛాంపియన్. బార్న్స్‌లీలో మ్యాచ్‌కు బయలుదేరే వేళకు ముగ్గురు ఆటగాళ్లు రాకపోతే కీన్ వాళ్లకోసం బస్సు ఆపలేదు. వాళ్లు లేకుండానే వెళ్లి 2-0తో గెలిచి వచ్చాడు. ఆ కథను ఇప్పటికీ అందరూ మెచ్చుకుంటూ చెబుతారు. నేనూ మెచ్చుకుంటాను.

కానీ కథ అక్కడితో ఆగలేదు. పై అంచెలో మొదటి సీజన్‌లో 15వ స్థానంతో గట్టెక్కిన జట్టు, రెండో సీజన్‌లో, కింది అంచెకు దిగిపోవలసివచ్చే చివరి మూడు స్థానాల్లోకి జారినప్పుడు, 2008 డిసెంబరులో కీన్ తప్పుకున్నాడు. తర్వాత ఇప్స్‌విచ్ టౌన్‌లో రెండేళ్లు తిరగకుండానే, 2011 జనవరిలో, క్లబ్బే అతన్ని పంపించివేసింది. అతనికి ఆట తెలియదని ఎవరూ అనలేరు. నా అంచనా ఇది: బద్ధకం పట్టిన జట్టుకు భయం పనిచేస్తుంది, ఎందుకంటే ఆ ఆటగాళ్లలో వాడకుండా వదిలేసిన శక్తి ఇంకా ఉంటుంది. ఉన్న శక్తంతా ఇప్పటికే పెట్టి ఆడుతూ, అయినా ఎదుటివాడు మెరుగైనవాడు కావడం వల్ల ఓడుతున్న జట్టును ఎంత గద్దించినా ఏం లాభం? అక్కడ కావలసింది ఉపాయం, ఓర్పు, ఒక్కోసారి ఓదార్పు కూడా. మొదటి సీజన్‌లో నీ కోపానికి ఫలితం వస్తే అది శాశ్వతమని భ్రమపడకు. (ఇదే కీన్ టెలివిజన్ వ్యాఖ్యాతగా అదే నిష్ఠూరపు మాటలతో కోట్లమందిని అలరిస్తున్నాడు. చూసేవాళ్లు సోమవారం పొద్దున అతని ఎదుట సాధనకు నిలబడనక్కరలేదు కదా.)

ఇక, నువ్వు ఆడినట్టే వాళ్ల చేతా ఆడిస్తానన్న నీ వాక్యం దగ్గరికి వస్తాను. సోమవారం సాధన జరుగుతోందనుకో. కొందరు గుండ్రంగా నిలబడి ఒకరికొకరు బంతి అందించుకుంటూ ఉంటే, మధ్యలో ఇద్దరు దానికోసం పరుగెత్తే మామూలు కసరత్తు. నువ్వూ బూట్లు కట్టుకుని ఆ గుంపులో చేరతావు. చేరకుండా ఉండలేవని నాకు తెలుసు. కొత్తగా వచ్చిన కుర్రవాడికి గట్టిగా ఒక పాస్ ఇస్తావు. బంతి వాడి కాలికి తగిలి రెండడుగులు అవతలికి పోతుంది. నువ్వేమీ అనవు, తల పక్కకు తిప్పి ఒక్క నిట్టూర్పు విడుస్తావు, అంతే. తర్వాతి బంతి నుంచి ఆ కుర్రవాడు నీ వైపు చూడడు. పక్కవాడికి సులువుగా అందించేసి తప్పించుకుంటాడు. శనివారం మ్యాచ్‌లో, డిఫెండర్ల మధ్య సందులోంచి ముందుకు పంపవలసిన బంతిని వాడు వెనక్కి తిప్పితే, వీడికి గుండె ధైర్యం లేదని అందరిముందూ దులిపేస్తావు. ఆ ధైర్యాన్ని సోమవారమే నువ్వు తీసేసుకున్నావన్న సంగతి నీకు తట్టదు.

అందుకని, మొదటి కొన్ని నెలలు సాధనలో ఆడవద్దు. గీత బయట నిలబడి చూడు. కుర్రవాడు తడబడితే, ఎలా ఆడాలో నువ్వు ఆడి చూపించే బదులు, "బంతి నీ దగ్గరికి రాకముందు నువ్వు ఎటు చూశావు?" అని అడుగు. చాలాసార్లు తప్పు కాలిలో ఉండదు, అంతకుముందు భుజం మీదుగా వెనక్కి చూడకపోవడంలో ఉంటుంది. నువ్వు ఆ చూపు చిన్నతనంలోనే అలవాటు చేసుకున్నావు గనుక అదొక నేర్పు అని కూడా నీకు తెలియదు. గొప్ప ఆటగాళ్లకు బోధన కష్టమయ్యేది ఇక్కడే. తంటాలుపడి నేర్చుకున్నవాడికి మెట్లు గుర్తుంటాయి, నీకు గుర్తుండవు. కూర్చుని రాసుకో: బంతి అందుకునే ముందు ఒంటిని ఎటు తిప్పేవాడివి, ఎదుటివాడు మీదికి వస్తున్నాడని దేన్నిబట్టి పసిగట్టేవాడివి, ఎప్పుడు ఆగేవాడివి. కాగితం మీద పెట్టలేని విద్యను ఇంకొకరికి అప్పగించలేవు.

హాఫ్‌టైమ్ గురించి ఒక్క మాట. నిబంధన ప్రకారం విరామం 15 నిమిషాలు మించకూడదు. లోపలికి నడిచి రావడం, నీళ్లు తాగడం, దెబ్బలకు కట్టు కట్టించుకోవడం, మళ్లీ బయటికి వెళ్లడం పోగా నీ చేతికి మిగిలేది ఐదారు నిమిషాలు. గసపోస్తున్న మనిషి చెవికి మొదటి రెండు నిమిషాల్లో ఏమీ ఎక్కదు కాబట్టి ఆ కాసేపూ మౌనంగా ఉండు. మిగిలిన సమయంలో రెండంటే రెండే దిద్దుబాట్లు చెప్పు. తిట్లతో ఆ నిమిషాలను ఖర్చుపెడితే, ఎడమ వైపు మనం ఎందుకు చిక్కుల్లో పడుతున్నామో చెప్పడానికి వ్యవధి ఉండదు.

మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా అలెక్స్ ఫెర్గూసన్ డ్రెస్సింగ్ రూమ్‌లో అరవలేదా అని నువ్వు అడుగుతావు. అరిచాడు, కానీ అందరి మీదా అరవలేదు. 1995 జనవరిలో అతని జట్టు ఆటగాడు ఎరిక్ కాంటోనా ప్రేక్షకుడి మీదికి కాలెత్తి దూకి, సెప్టెంబరు చివరి వరకు నిషేధానికి గురై, ఇంగ్లండ్ వదిలిపోదామనుకున్నప్పుడు, ఫెర్గూసన్ పారిస్ దాకా వెళ్లి అతన్ని బుజ్జగించి తెచ్చుకున్నాడు. మరుసటి సీజన్‌లో మాంచెస్టర్ యునైటెడ్ లీగ్, కప్ రెండూ గెలిచింది. ఎవరిని గద్దిస్తే లేచి నిలబడతారో, ఎవరు కుంగిపోతారో తెలుసుకుని మసలడమే అతని నేర్పు. ఆయన అదుపు తప్పిన రోజులు కూడా ఉన్నాయి: 2003 ఫిబ్రవరిలో ఆర్సెనల్ చేతిలో కప్ మ్యాచ్ ఓడాక అతను తన్నిన బూటు బెక్‌హామ్ కనుబొమ్మ దగ్గర తగిలి గాయమైంది, ఆ వేసవిలోనే బెక్‌హామ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లిపోయాడు. అయితే అన్నేళ్ల విజయాలు వెనక ఉన్న ఫెర్గూసన్‌కు చెల్లిన పని, మొదటి ఏడాది మేనేజర్‌కు చెల్లదు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నది నీ మనసులో ఇంకా తేలలేదని అర్థమైంది. పెద్ద పేరున్న క్లబ్ పిలిచిందని పొంగిపోవద్దు. ఇటలీకి చెందిన జెన్నారో గట్టూసో ఆటగాడిగా నీకంటే మంటగలవాడు; 2011లో ప్రత్యర్థి జట్టు సహాయ కోచ్ జో జోర్డాన్‌ను తలతో కొట్టి నిషేధం అనుభవించాడు. 2013లో పలెర్మోలో అతని కొలువు ఆరు లీగ్ మ్యాచ్‌లతో ముగిసింది. ఆ తర్వాత గ్రీస్‌లో ఓ చిన్న క్లబ్, ఇటలీ మూడో అంచెలో పీసా, మిలాన్ యువజట్టు, ఇలా కిందినుంచి ఎక్కుతూ వచ్చాడు. పీసాను 2016లో రెండో అంచెకు చేర్చాడు. మిలాన్ పెద్ద జట్టును 2019లో ఐదో స్థానంలో నిలిపాడు, ఒక్క పాయింటు తేడాతో, యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో చోటు చేజారింది. 2020లో నాపోలీకి ఇటలీ కప్ తెచ్చాడు. ప్రపంచ కప్ ఫైనల్లో తలతో గుద్ది ఆటకు వీడ్కోలు చెప్పిన జిదాన్ కూడా ముందు ఆంచెలోట్టికి సహాయకుడిగా, తర్వాత రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కోచ్‌గా పనిచేశాకే 2016లో పెద్ద జట్టు పగ్గాలు పట్టి, వరసగా మూడు ఛాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు. మారడోనా తొలినాళ్లలో చేసిన రెండు చిన్న కొలువుల తర్వాత ఏళ్లతరబడి ఖాళీగా ఉండి, నేరుగా దేశం జట్టును చేపట్టాడు. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీ చేతిలో 4-0 ఓటమితో ఆ ముచ్చట తీరింది. తప్పటడుగులు వేసినా వార్త కాని చోట రెండేళ్లు గడపడం నీకు నామోషీ కాదు. ఉన్నత శిక్షణ లైసెన్సు చదువును కూడా ఆ కాలంలోనే పూర్తిచెయ్యి. అది లేనిదే పెద్ద లీగ్‌ల తలుపులు ఎలాగూ తెరుచుకోవు.

అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది సహాయకుడి గురించి. బ్రయన్ క్లఫ్ మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయిన గోల్ స్కోరర్, నోటిదురుసు మనిషి. 1965 నుంచి పీటర్ టేలర్ అతని పక్కన ఉన్నాడు. ఇద్దరూ కలిసి 1972లో డెర్బీకి ఇంగ్లండ్ లీగ్, 1979లో, 1980లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు యూరోపియన్ కప్ సాధించారు. డెర్బీకీ ఫారెస్ట్‌కీ మధ్య, 1974లో, టేలర్ వెంట రాకుండా, క్లఫ్ ఒంటరిగా లీడ్స్ యునైటెడ్‌కు వెళ్లాడు. అక్కడి ఆటగాళ్లను అంతకుముందు నుంచే బాహాటంగా విమర్శించినవాడు. 44 రోజుల్లో ఉద్యోగం పోయింది. నీకు కావలసింది నీ మాటకు తలూపే పాత స్నేహితుడు కాదు. తలుపు వేసి "ఇవాళ ఆ కుర్రవాడితో నువ్వు మాట్లాడిన తీరు బాగాలేదు" అని నీ మొహం మీదే అనగలిగినవాడు, అన్నాక కూడా మర్నాడు కొలువులో నిశ్చింతగా ఉండగలిగినవాడు. అలాంటివాళ్లు ఇప్పుడు నీ చుట్టూ ఎవరున్నారో ఆలోచించు. ఎవరూ లేరనిపిస్తే, మేనేజర్ పదవికంటే ముందు ఆ మనిషిని వెతుక్కో.

రిఫరీల జోలికి పోకు. 2019 నుంచి మేనేజర్లకూ పసుపు, ఎర్ర కార్డులు చూపిస్తున్నారు. నువ్వు గ్యాలరీలోకి పోయి కూర్చున్న రోజున జట్టుకు దక్కే లాభం ఏమీ లేదు. సిమియోనీ అంతవాడికీ 2014లో నాలుగో రిఫరీ తలమీద చేత్తో తట్టినందుకు ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం పడింది.

ఛైర్మన్‌ను కలిసినప్పుడు జీతం మాట చివర్లో ఎత్తు. ఆటగాళ్ల కొనుగోళ్లలో ఆఖరి మాట ఎవరిదో, సహాయకుణ్ణి ఎంచుకునే స్వేచ్ఛ నీకుందో లేదో, వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడితే వాళ్లు ఏం చేస్తారో ముందు అడుగు. మూడో ప్రశ్నకు తడుముకోవడం సహజమే, దాన్ని పట్టించుకోకు. రెండో ప్రశ్నకు "చూద్దాం" అన్న జవాబు వస్తే మాత్రం సంతకం పెట్టకుండా లేచి వచ్చెయ్యి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి