పూల్ ఇప్పుడే వద్దు, దానికి దారి మాత్రం వదలండి

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర మాకు 500 గజాల స్థలం ఉంది. ఇల్లు కట్టడానికి 95 లక్షలు అవుతుందని అంచనా. 60 లక్షల హోమ్ లోన్ 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్లకు మంజూరైంది. 35 లక్షలు చేతిలో ఉన్నాయి. పెరట్లో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతుతో స్విమ్మింగ్ పూల్ కట్టుకోవాలని మా ఇద్దరి కోరిక. కాంట్రాక్టర్ 14 లక్షలకు కొటేషన్ ఇచ్చాడు. నాలుగేళ్లు ఆగితే రెట్టింపు అవుతుంది, లోన్‌లోనే కలిపేసుకోండి అంటున్నాడు. నిర్వహణకు నెలకు 5 వేలు చాలన్నాడు. ఇద్దరం ఉద్యోగులం, నెలకు 2.1 లక్షలు చేతికొస్తాయి. ఇప్పుడు 28 వేలు అద్దె కడుతున్నాం. బాబుకు నాలుగేళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: మీ కాంట్రాక్టర్ మాటలో కొంత నిజముంది, ఎక్కువ భాగం తొందరపెట్టడం. నాలుగేళ్లలో ఖర్చు రెట్టింపు కావాలంటే ధరలు ఏటా 19 శాతం పెరగాలి. 6 శాతం చొప్పున పెరిగితే ఇవాళ్టి 14 లక్షల పూల్ అప్పటికి 17.7 లక్షలవుతుంది. సిమెంటు, టైల్స్, మోటారు దగ్గర భయపడాల్సింది లేదు. నిజంగా రెట్టింపయ్యేది ఒక్క తవ్వకమే. అది కూడా ముందుచూపు లేకపోతేనే.

నా క్లయింట్ ఒకాయన ఇల్లు కట్టిన మూడేళ్లకు పూల్ మొదలుపెట్టారు. తీరా చూస్తే పెరట్లోకి వెళ్లే పక్క సందు నాలుగడుగులే. సందు మొదట్లో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే సంపు. జేసీబీ లోపలికి వచ్చే మాటే లేదు. కూలీలు గడ్డపారలతో తవ్వి, మట్టిని తట్టలతో మోసి వీధిలో ఆగిన ట్రాక్టర్లలో పోశారు. తొమ్మిది రోజులు పట్టింది. నాలుగో రోజు సంపు మూత పగిలింది. పార్కింగ్ టైల్స్ సగం మళ్లీ వేయించారు. జేసీబీకి ఒక పూట పని అది!

మీ వైపు ఇంకో సంగతి కూడా ఉంది, రాయి. హైదరాబాద్ చుట్టుపక్కల చాలాచోట్ల నాలుగైదు అడుగులకే గ్రానైట్ తగులుతుంది. ఖాళీ స్థలంలో రాయి పడితే బ్రేకర్ పెట్టి కొట్టేయొచ్చు. కొత్త గోడలకు పది అడుగుల దూరంలో అదే పని చేయాలంటే నిదానంగా, గోడలు బీటలు వారకుండా చూసుకుంటూ చేయాలి. ఖర్చు పెరిగేది అక్కడే. అందుకని పునాదులకు జేసీబీ వచ్చిన రోజునే పూల్ అనుకున్న చోట కూడా ఒక గుంత తీయించి చూడండి. మట్టే అయితే పూడ్చేసి వదిలేయండి. రాయి తగిలితే మాత్రం పూల్ మేరకు ఇప్పుడే కొట్టించి, మట్టితో నింపేయండి. తవ్వి పూడ్చడమేంటని మేస్త్రీ నవ్వుతాడు, నవ్వనివ్వండి. నాలుగేళ్ల తర్వాత ఆ మట్టిని తీయడం అరపూట పని.

ఇంకా ఇప్పుడే చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఒక పక్క పది అడుగుల దారి వదలండి, ఆ దారి కింద సంపు గానీ సెప్టిక్ ట్యాంకు గానీ రాకూడదు. పార్కింగ్ టైల్స్ వేసే ముందే మీటర్ బోర్డు నుంచి పెరటి దాకా కేబుల్ కోసం ఒకటి, నీళ్లకు ఒకటి, మురుగు బయటికి పోవడానికి ఒకటి, మూడు ఖాళీ పైపులు నేలలో వేయించండి. మోటారు, ఫిల్టర్ పెట్టుకోవడానికి గోడ వారన కాస్త చోటు ఉంచండి. ఇంటి అనుమతికి పెట్టే ప్లాన్‌లో పూల్‌ను కూడా చూపించొచ్చేమో ఆర్కిటెక్ట్‌ను అడగండి. వీటన్నిటికీ కలిపి లక్షన్నర పక్కన పెట్టండి. రాయి కొట్టించాల్సి వస్తే దానికి వేరే కొటేషన్ తీసుకోండి.

ఇక లోన్‌లో కలపడం. 14 లక్షలు కలిపితే ఈఎంఐ 52 వేల నుంచి 64 వేలు అవుతుంది. మీ జీతాలకు బ్యాంకు అభ్యంతరం పెట్టకపోవచ్చు. 20 ఏళ్లూ కడితే ఆ 14 లక్షలకు మీరు కట్టేది 29 లక్షల పైమాటే. నన్ను కంగారు పెడుతున్నది ఆ అంకె కూడా కాదు. మీ 60, మీ 35 కలిపితే సరిగ్గా 95. అనుకున్న అంచనాలోనే ఇల్లు పూర్తి చేసిన వాళ్లు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పది శాతం పెరిగినా తొమ్మిదిన్నర లక్షలు వెతుక్కోవాలి. మీకు ఇంకా లోన్ తీసుకునే అర్హత ఉందంటే, అది తలుపులకో కాంపౌండ్ వాల్‌కో డబ్బు తక్కువైన రోజు కోసం దాచుకోవాల్సింది. దాన్ని నీళ్లలో పోయకండి.

పూల్ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, మీ అద్దె నుంచే. గృహప్రవేశమైన నెల నుంచి 28 వేలు మిగులుతాయి. ఆ డబ్బు లేకుండా బతకడం మీకు ఇప్పటికే అలవాటు. దానికి మరో 3 వేలు కలిపి నెలకు 31 వేలు ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ ఖాతాలో వేస్తూ పోండి. ఎస్‌బీఐలో దీన్నే మ్యాక్స్‌గెయిన్ అంటారు. అందులో వేసిన డబ్బు మేరకు లోన్ వడ్డీ తగ్గుతుంది, కావాల్సినప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. ఆదా అయ్యే వడ్డీ కూడా లెక్కలోకి తీసుకుంటే నాలుగేళ్లకు 17.7 లక్షలకు దాదాపు సరిపోతుంది. అదే 6.5 శాతం ఆర్‌డీలో (రికరింగ్ డిపాజిట్) వేస్తే, 30 శాతం పన్ను పోగా నెలకు 33 వేల పైనే కట్టాలి. ఈ తరహా లోన్‌కు వడ్డీ కాస్త ఎక్కువ ఉండొచ్చు. మీకు మంజూరైన లోన్‌ను ఇలా మార్చుకోవచ్చా, వడ్డీ ఎంత పెరుగుతుంది అని మొదటి విడత తీసుకోకముందే బ్యాంకులో అడగండి. చేతికి అందే డబ్బు కాబట్టి మధ్యలో కారు మీదకో ఫారిన్ టూర్ మీదకో మనసు పోతుంది, అది మీరే చూసుకోవాలి. నాలుగేళ్ల అవసరానికి ఈక్విటీ ఫండ్ల జోలికి వెళ్లొద్దు.

నెలకు 5 వేలు చాలన్న మాట కూడా పూర్తి లెక్క కాదు. ఒక హార్స్‌పవర్ మోటారు రోజుకు ఆరు గంటలు తిరిగితే నెలకు 135 యూనిట్లు. పై శ్లాబులో యూనిట్ 9 రూపాయలు అనుకున్నా ఏడాదికి 14,500. ఈదినా ఈదకపోయినా మోటారు తిరగాల్సిందే, లేకపోతే నీళ్లు పచ్చబడతాయి. కాంట్రాక్టర్ చెప్పిన నెలకు 5 వేలకు ఈ కరెంటు కూడా కలిపితే మొత్తం ఏడాదికి 75 వేలు, నీళ్లు కాకుండా. మీరు చెప్పిన కొలతలకు 32,600 లీటర్లు పడతాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు. ఎండాకాలంలో రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైనా నెలకు 6 వేల లీటర్లకు పైగా మళ్లీ పోయాలి. మీ బోరు ఎండిపోయే రోజులూ అవే. బెంగళూరులో 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు స్విమ్మింగ్ పూల్స్‌కు తాగునీళ్లు వాడితే 5 వేలు జరిమానా అన్నారు.

కాబట్టి ఇంట్లో దిగాక రెండు ఎండాకాలాలు మీ బోరును గమనించండి. మే నెలలో ఇంటి అవసరాలకే ట్యాంకర్ తెప్పించాల్సి వస్తే పూల్ ఆలోచన మానుకుని, పోగేసిన డబ్బును లోన్‌లోనే ఉంచేయండి. మీరు వదిలిన దారిలో కారు పెట్టుకోవచ్చు.

కొటేషన్‌లో కంచె ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే అడిగి రాయించండి. నాలుగు వైపులా పిల్లలు ఎక్కలేని కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. ఎప్పుడు కట్టినా అది లేకుండా నీళ్లు నింపొద్దు. ఈలోగా బాబును దగ్గర్లో ఎక్కడైనా ఈత క్లాసులో చేర్చండి. పూల్ వచ్చేసరికి వాడికి ఎనిమిదేళ్లు దాటతాయి, అప్పటికి వాడికి ఈత మీద ఇష్టం ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.