చాంబర్ బోల్ట్ కారుతోందని ఎఫ్‌డీ విప్పాలా?

ప్రశ్న: ఉప్పల్‌లో ఉంటాం. సొంత డీసీఎం వ్యాన్, నేనే నడుపుతాను. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కూరగాయల లోడ్లు, మధ్యలో జీడిమెట్ల కంపెనీల కిరాయిలు. బండికి 8 ఏళ్లు నిండాయి, ఫైనాన్స్ నిరుడే తీరింది. నెల కిందట ఆయిల్ మార్చినప్పటి నుంచి చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి) బోల్ట్ దగ్గర కారుతోంది. బిగిద్దామంటే బోల్ట్ ఊరికే తిరుగుతోంది, పట్టడం లేదు. వారానికి లీటరున్నర ఆయిల్ పోస్తున్నాను, లీటరు 380 రూపాయలు. ఒక మెకానిక్ టేపు చుట్టి ఎంసీల్ పెడతాను, 200 ఇవ్వమన్నాడు. ఇంకొకాయన 700కి పెద్ద సైజు బోల్ట్ వేస్తానన్నాడు. ఆటోనగర్‌లో మాత్రం చాంబరే మార్చాలి, అన్నీ కలిపి 14,000 అన్నారు. చేతిలో 6,000 ఉన్నాయి. పాప ఇంజనీరింగ్ ఫీజుకని దాచిన లక్షన్నర ఎఫ్‌డీ విప్పాలా, 2 లక్షల చిట్టీ పాడాలా, డైలీ ఫైనాన్స్‌లో 10,000 తీసుకోవాలా? ఆ బోల్ట్ బిగించింది మా క్లీనర్ కుర్రాడు. వాడి జీతంలో కొంత కోసుకోవచ్చా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని మీరు మూడు దారులు రాశారు. నాకు అంతకు ముందే ఒక అనుమానం ఉంది. అసలు మీకు 14,000 కావాలా? బండి కిందికి దూరి ఎవరైనా సరిగ్గా చూశారో లేదో మీ ఉత్తరంలో లేదు. రేట్లు మాత్రం ముగ్గురూ చెప్పేశారు.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. చాంబర్ అంచున వేసే గాస్కెట్ దగ్గర కారినా, ఇంజన్ వెనక తిరిగే షాఫ్ట్‌కి వేసే క్రాంక్ సీల్ దగ్గర కారినా ఆ ఆయిల్ జారి జారి అన్నిటికంటే కిందున్న బోల్ట్ దగ్గరికే వచ్చి చుక్క కడుతుంది. చాంబర్ అడుగంతా గుడ్డతో శుభ్రంగా తుడవండి. జిడ్డు పోయాక టాల్కం పౌడర్ చల్లి, ఇంజన్ పావుగంట నడిపి ఆపి, టార్చి వేసి చూడండి. పౌడర్ మీద తడి చార ఎక్కడ మొదలైందో లీకు అక్కడే. బోల్ట్ ఊరికే తిరుగుతోందన్నారు కాబట్టి తప్పు దానిదే కావచ్చు. అయినా చూడండి. బోల్ట్ బాగుచేయించిన మర్నాడు వెనక సీల్ కారడం కనిపిస్తే పెట్టిన డబ్బంతా వృథా.

తర్వాత శుభ్రమైన డబ్బాలోకి ఆయిల్ దించి, బోల్ట్ చేతిలోకి తీసుకోండి. దాని గాడుల్లో వెండి రంగులో సన్నటి తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటే, చాంబర్ లోపలి థ్రెడ్ ఊడి వచ్చిందని అర్థం. అలా కాకుండా బోల్ట్ గాడులే అరిగి నున్నబడి, చాంబర్ థ్రెడ్ వేలికి గరుగ్గా తగులుతుంటే మీరు అదృష్టవంతులు. పాత బోల్ట్ పట్టుకుని రాణిగంజ్ వెళ్లి, అదే కొలత, అదే గాడి ఉన్న బోల్ట్, కొత్త రాగి వాషర్ తెచ్చుకుంటే వందల్లో పని అయిపోతుంది. పనిలో పనిగా చాంబర్‌కి ఒక అయస్కాంతం ఆనించి చూడండి. అంటుకుంటే ఇనుప రేకు, లేకపోతే అల్యూమినియం. ఎలాంటి రిపేరు చేయాలన్నది దీన్ని బట్టే ఉంటుంది.

చాంబర్ థ్రెడ్డే పోయిందనుకుందాం. 200 రూపాయల పని వద్దే వద్దు. ఆయిల్ నానిన చోట ఎంసీల్ సరిగ్గా పట్టదు, పట్టినా వచ్చే ఆయిల్ మార్పుకి దాన్ని పగలగొట్టాల్సిందే. దాని పెచ్చు గానీ టేపు పీలిక గానీ లోపల పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే, చాంబర్ నిండా ఆయిల్ ఉన్నా ఇంజన్‌కి అందదు. పెద్ద సైజు బోల్ట్ అంత చెడ్డది కాదు. పాత రంధ్రంలో తన గాడి తానే కోసుకుంటూ ఎక్కుతుంది. కాకపోతే కోసిన లోహపు పొడి లోపలే పడుతుంది. అల్యూమినియం చాంబర్‌లో కొంచెం వంకరగా ఎక్కిందంటే చిట్లిపోతుంది. ఇనుప చాంబర్ అయితే మార్కెట్ సెలవు దాకా నెట్టుకురావడానికి పనికొస్తుంది. అంతకు మించి దాన్ని నమ్ముకోవద్దు.

మీకు ఎవరూ చెప్పని దారి ఒకటుంది. చాంబర్ దించి లేత్ షాపుకి తీసుకెళ్లడం. అల్యూమినియం అయితే రంధ్రం పెంచి, ట్యాప్ కొట్టి అంటే కొత్త గాడి కోసి, ఇనుప బుష్ గానీ హెలీకాయిల్ (స్ప్రింగులా చుట్టిన ఉక్కు థ్రెడ్) గానీ వేస్తారు. అల్యూమినియంలో కోసిన థ్రెడ్ కంటే ఆ ఇనుప థ్రెడ్డే ఎక్కువ కాలం ఆగుతుంది. ఇనుప రేకు అయితే సరైన కొలత నట్టు ఒకటి వెల్డింగ్ చేస్తే చాలు. వెల్డింగ్ మాత్రం చాంబర్ దించి, కడిగి, ఆరబెట్టాకే. బండి మీదుండగానే చేస్తానని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి, లోపలున్నది ఆయిల్. లేత్ పని, గాస్కెట్, విప్పి బిగించే కూలీ కలిపి 4,000 నుంచి 5,000 మధ్య అవుతుందని నా అంచనా. కొన్ని బండ్లలో చాంబర్‌కి క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ కమ్మీ) అడ్డొస్తుంది, ఇంజన్ కాస్త ఎత్తాలి, అప్పుడు కూలీ పెరుగుతుంది. అందుకే విప్పక ముందే మొత్తం రేటు మాట్లాడుకోండి.

చాంబర్ మార్చకపోతే ప్రమాదం కదా అని మీరు భయపడుతున్నట్టున్నారు. ఆయిల్ ప్రెషరంతా పంపు దాటాకే పుడుతుంది. చాంబర్ అడుగు బోల్ట్ ఆపేది నిలవున్న ఆయిల్‌ని మాత్రమే. మంచి థ్రెడ్, కొత్త వాషర్ ఉంటే చాలు, దాని పని అది చేస్తుంది. చాంబర్‌కి పగులు ఉన్నా, గాస్కెట్ కూర్చునే అంచు వంగినా, ఇంతకు ముందే ఒకసారి బుష్ పడి ఉన్నా అప్పుడు మార్చాల్సిందే. అప్పుడు కూడా కొత్తదానికి 14,000 పెట్టే ముందు ఆటోనగర్ స్క్రాప్‌లో మీ మోడల్ చాంబర్ అడగండి. దాని అంచు కింద గాజు పలక పెట్టి ఎక్కడైనా సందు కనిపిస్తోందేమో చూసుకుని తీసుకోండి.

ఏ రిపేరైనా ఈ వారంలోనే చేయించండి. వారానికి లీటరున్నర అంటే 570 రూపాయలు. ఇలాగే పోస్తూ పోతే 25 వారాల్లో 14,250, అంటే కొత్త చాంబర్ రేటు రోడ్డు పాలు. నన్ను భయపెట్టేది మాత్రం అది కాదు. ఊరికే తిరిగే బోల్ట్ ఏదో ఒక గుంత దగ్గర ఊడిపడితే ఆయిలంతా నిమిషాల్లో దిగిపోతుంది. ఆయిల్ లైటు వెలిగేది ప్రెషర్ పడిపోయాకే, అప్పటికి బేరింగులు దెబ్బతినడం మొదలైపోయి ఉంటుంది. ఇంజన్ పట్టేస్తే ఆ బిల్లు లక్ష దగ్గర ఆగుతుందని నేను అనుకోను, పైగా బండి రోజుల తరబడి షెడ్డులో కూర్చుంటుంది. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకోకండి. మామూలు మోటార్ పాలసీలో అరుగుదలకీ, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కీ క్లెయిమ్ రాదు. రిపేరయ్యే దాకా రోజూ పొద్దున సెల్ఫ్ కొట్టక ముందే డిప్‌స్టిక్ చూడండి, సిటీ దాటే కిరాయిలు ఒప్పుకోకండి.

ఇక డబ్బు సంగతి. లేత్ షాపు దారి పడితే మీ చేతిలోని 6,000 సరిపోతాయి, ఎఫ్‌డీ ఊసే అక్కర్లేదు. చాంబర్ మార్చక తప్పదని తేలితే తక్కువ పడేది 8,000. దానికోసం ఎఫ్‌డీ విప్పకండి. అదే బ్యాంకులో ఆ ఎఫ్‌డీ మీద లోన్ అడగండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన ఇస్తారు. 9 శాతం అనుకున్నా 8,000కి 3 నెలల వడ్డీ 180 రూపాయలు. పాప ఫీజు డబ్బు కదలదు.

డైలీ ఫైనాన్స్ లెక్క మీకు తెలియందేమీ కాదు. ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతిలో పెడతారు, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వెయ్యేగా పోయింది అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఏడాది వడ్డీ కిందికి తెస్తే అది 75 శాతం పైమాటే. నూటికి ఆరు రూపాయల వడ్డీ కంటే ఎక్కువ. చిట్టీ సంగతైతే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే. 2 లక్షల చిట్టీని 30,000 తగ్గించి పాడారనుకోండి, అందులో డివిడెండుగా మీకు తిరిగొచ్చేది చిన్న వాటా. 8,000 అవసరానికి అంత వదులుకోవడం ఎందుకు? పైగా మిగిలిన లక్షా అరవై వేలు చేతిలో ఉంటే ఏదో ఒక ఖర్చు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. చిట్టీని పాప రెండో ఏడాది ఫీజు దాకా ఉంచండి.

రిపేరు బిల్లు పెద్దదైతే ట్యాక్స్ తగ్గుతుందని ఆటోనగర్‌లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. లెక్కల పుస్తకాలు లేకుండా అంచనా ఆదాయం చూపే పద్ధతిలో (పాత ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈ) చిన్న గూడ్స్ బండికి నెలకు 7,500 ఆదాయమని లెక్కగట్టి రిటర్న్ వేసేవాళ్లకి రిపేరు ఖర్చు విడిగా తగ్గదు. మీ రిటర్న్ ఏ పద్ధతిలో వేస్తున్నారో ఆడిటర్‌ని అడగండి.

ఫైనాన్స్ తీరిందన్నారు. ఆ కిస్తీ డబ్బు ఇప్పుడు ఎక్కడికి పోతోందో మీ ఉత్తరంలో లేదు. ఇంట్లో కలిసిపోతోందని నా అనుమానం. 8 ఏళ్లు దాటిన బండికి ఇక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, ఆరు టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్స్ ఎలాగూ ఉన్నాయి. కిలోమీటరుకి రూపాయిన్నర చొప్పున పక్కన పెట్టండి. నెలకి 3,000 కిలోమీటర్లు తిరిగితే 4,500 అవుతుంది. ఫోన్‌పేకి కలపని వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి, ఫోన్‌పేకి కలిపితే నెల తిరక్కుండానే ఖాళీ. ఈ ఖాతా నిండుతుంటే ఇలాంటి రిపేర్లకి ఎఫ్‌డీ, చిట్టీ గుర్తుకే రావు.

క్లీనర్ జీతం కోయకండి. చాంబర్ థ్రెడ్ మామూలుగా ఒక్క రోజులో పోదు. పాత వాషరే మళ్లీ మళ్లీ వేస్తుంటే కొంచెం కారుతుంది, ఆగాలని ఇంకా గట్టిగా బిగిస్తారు, స్పానర్‌కి పైపు తగిలించి లాగుతారు. ఎనిమిదేళ్లలో ఆ బోల్ట్‌ని ఎంతమంది అలా బిగించారో, ఆ కుర్రాడు చివరివాడు, అంతే. రాగి వాషర్ల ప్యాకెట్ ఒకటి కొని క్యాబిన్‌లో పెట్టండి. ప్రతి ఆయిల్ మార్పుకీ కొత్త వాషర్ వేయాలి, బోల్ట్ చేత్తో తిరిగినంత మేర చేత్తోనే తిప్పి తర్వాతే స్పానర్ పట్టాలి, పైపు ముట్టుకోకూడదు. ఆ పని వాడికే అప్పజెప్పండి.