టెక్ సందేహాలు: స్టిక్కర్ మీద 450 అని ఉంటే చాలా?

ప్రశ్న: నాది ఐదేళ్ల కిందట అసెంబుల్ చేయించిన కంప్యూటర్. క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉంది. ఇప్పుడు 170 వాట్ల గ్రాఫిక్స్ కార్డు వేద్దామనుకుంటున్నాను. ప్రాసెసర్ 65 వాట్లు. రెండూ కలిపినా 235 దాటదు కదా, సరిపోతుందా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

కూడిక సరిగ్గానే చేశారు. కూడిన అంకెలే తప్పు. కార్డు పేరు, వాట్లు మారతాయి గానీ ఈ ఉత్తరం మాత్రం నెలనెలా వస్తూనే ఉంది.

సైడ్ ప్యానెల్ తీసి ఎస్ఎంపీఎస్ మీదున్న స్టిక్కర్‌ను ఫోన్‌తో ఫొటో తీయండి. పెద్దక్షరాల్లో ఉన్న 450ని పట్టించుకోకండి. దాని కింద చిన్న గళ్ల పట్టిక ఉంటుంది: 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు, ఒక్కో గడి కింద ఎన్ని ఆంపియర్లో. మీకు కావలసింది 12 వోల్టుల గడి ఒక్కటే. ప్రాసెసర్‌కైనా గ్రాఫిక్స్ కార్డుకైనా కూడు అక్కణ్నుంచే. అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. 16 ఆంపియర్లని ఉంటే 192 వాట్లు, అంతే. 450లో మిగిలినదంతా 3.3, 5 వోల్టుల లైన్లలో చూపించిన గొప్ప. ఇప్పటి కంప్యూటర్‌కు ఆ లైన్లతో పెద్దగా పని లేదు. 12 వోల్టుల గళ్లు రెండుంటే రెండిట్నీ కూడేసి సంబరపడకండి. పక్కన ‘కంబైన్డ్’ అని వేరే వాట్లు ఇస్తారు, లెక్కలోకి వచ్చేది అదే.

ఇక మీ వాడకం. ప్రాసెసర్ పెట్టె మీది 65 వాట్లు మామూలు వేగానికి చెప్పిన లెక్క. బూస్ట్‌లోకి, అంటే తనంతట తాను వేగం పెంచుకునే స్థితిలోకి వెళ్తే కొన్ని 65 వాట్ల ప్రాసెసర్లు 88 దాకా, మరికొన్ని 117 దాకా లాగుతాయి. కార్డుకు 170, ప్రాసెసర్‌కు 117, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లకు ఒక 50 వేసుకుంటే 337. ఇందులో 12 వోల్టుల వాటా 320 దాకా ఉంటుంది, అంటే దాదాపు 27 ఆంపియర్లు. మీ స్టిక్కర్ మీద 16 ఉంటే సంగతి తేలిపోయింది.

27 కావాలి కాబట్టి 28 ఉన్నది కొంటే చాలనుకోవద్దు. గ్రాఫిక్స్ కార్డు నిలకడగా తినే జంతువు కాదు. 170 వాట్లన్నది సగటు. సెకనులో వెయ్యోవంతు, అంతకన్నా తక్కువ సేపు ఒక్కసారిగా అంతకు రెట్టింపు దాకా గుంజుతుంది. టాస్క్‌బార్ పక్కన పెట్టుకునే కొలత సాఫ్ట్‌వేర్లకు ఇది కనిపించనే కనిపించదు, ఎస్ఎంపీఎస్‌కు మాత్రం తెలుస్తుంది. అందుకే ఎస్ఎంపీఎస్‌ల తయారీకి 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, 100 మైక్రోసెకన్ల పాటు తన సామర్థ్యానికి రెట్టింపు లాగినా 450 వాట్లు దాటిన ఎస్ఎంపీఎస్ తట్టుకోవాలని షరతు పెట్టింది. మీ కార్డుకు 12 వోల్టుల లైన్‌లో 40 ఆంపియర్లు దాటి ఇచ్చే 550 వాట్ల ఎస్ఎంపీఎస్ తీసుకోండి.

‘80 ప్లస్ బ్రాంజ్ ఉంది సార్’ అని షాపులో అంటారు. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా చేస్తుందో చెప్పే ముద్ర అది. ఎంత బరువు మోస్తుందో, మోయలేనప్పుడు కుదురుగా ఆగుతుందో పేలుతుందో అది చెప్పదు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌లు చాలామటుకు పైన పటారం లోన లొటారం. చేత్తో ఎత్తి చూస్తేనే తేలిగ్గా ఉంటాయి. వెనకాల 115, 230 అని ఎర్ర స్విచ్ ఉందంటే పాతకాలపు డిజైన్ అని గుర్తు. శుభ్రం చేసేటప్పుడు అది పొరపాటున 115 వైపు జరిగి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే లోపలి కెపాసిటర్లు ఢామ్మని పేలతాయి. ఏ వోల్టేజీకైనా తనంతట తాను సర్దుకునే ఎస్ఎంపీఎస్‌లు వచ్చి ఇన్నేళ్లయ్యాక కూడా ఆ స్విచ్‌ను ఇంకా ఎందుకు తయారు చేస్తున్నారో, మనం ఎందుకు కొంటున్నామో!

ప్రశ్న: కొత్త కార్డుకు 8 పిన్ల పవర్ కావాలి. నా ఎస్ఎంపీఎస్‌కు ఆ కేబుల్ లేదు. డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా పవర్‌ను 8 పిన్లుగా మార్చే కేబుల్ ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతోంది. వాడొచ్చా? – తెనాలి నుంచి ఒక విద్యార్థి

వద్దు. ఇది అమ్మేవాళ్ల మీద నాకు కోపం, కొనేవాళ్ల మీద జాలి.

సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు ఉన్నవి మూడే పిన్నులు. ఒక్కోటి మోసేది 1.5 ఆంపియర్లు. మూడూ కలిపి 4.5, అంటే 54 వాట్లు. హార్డ్ డిస్క్‌కు అది బోలెడు. 8 పిన్ల కనెక్టర్ తగిలించుకున్న కార్డేమో 150 వాట్లు వస్తాయన్న ధీమాతో లాగుతుంది. 54 మోసే చోట 150 గుంజితే ముందు పిన్నులు వేడెక్కుతాయి, తర్వాత వాటి చుట్టూ పోత పోసిన ప్లాస్టిక్ మెత్తబడుతుంది, ఆపైన పొగ. రెండు సాటాలు కలిపే రకం కూడా ఉంది గానీ, ఆ రెండూ సాధారణంగా ఒకే తీగ మీద ఉంటాయి. అసలు 8 పిన్ల కేబుల్ ఇవ్వలేదంటేనే ‘నేనంత మోయలేను’ అని ఎస్ఎంపీఎస్ చెబుతున్నట్టు. దాని నోరు నొక్కడానికి అడాప్టర్ కొనడం దేనికి?

ఇంకొందరు ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్లను తెచ్చి కార్డులో గుచ్చబోతారు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది, కార్డుది 6, 2గా. మొదటిదాంట్లో 12 వోల్టుల తీగలు నాలుగు, రెండోదాంట్లో మూడే, వాటి స్థానాలు కూడా వేరు. ఎక్కకపోతే బలం చూపించకండి. ఎక్కకూడదనే రంధ్రాల ఆకారం అలా చేశారు.

ఇంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్‌లు. కేబుల్‌కు కార్డు వైపు, డిస్క్ వైపు ఉన్న కొసకే ప్రమాణం ఉంది. ఎస్ఎంపీఎస్‌లో గుచ్చే కొసకు ఏ ప్రమాణమూ లేదు. ఏ రంధ్రంలో 12 వోల్టులు, ఏ రంధ్రంలో 5 అన్నది తయారీదారు ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా మారుతుంది. సాకెట్ ఆకారం మాత్రం ఒకటే, హాయిగా దూరిపోతుంది. పాత ఎస్ఎంపీఎస్ తీసి కొత్తది పెట్టేటప్పుడు, ‘ట్యాగులు కట్టి నీటుగా ఉన్నాయి కదా, మళ్లీ ఎందుకు లాగడం’ అని పాత కేబుళ్లనే కొత్తదానికి గుచ్చేస్తారు. ఆన్ చేసిన మరుక్షణం 5 వోల్టులు రావాల్సిన పిన్నులోకి 12 వస్తుంది. ఆ తీగ మీదున్న ఎస్ఎస్‌డీ, హార్డ్ డిస్క్, బ్యాకప్ అని పెట్టుకున్న రెండో డిస్క్, అన్నీ ఒకేసారి పోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, కార్డు కోసం మొదలుపెట్టిన పని పిల్లల ఫొటోలతో సహా ఊడ్చుకుపోతుంది. వారంటీలో కొత్త డిస్క్ వస్తుందేమో గానీ ఫొటోలు రావు.

కాబట్టి కొత్త ఎస్ఎంపీఎస్ పెడితే పాత కేబుల్ ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. తీసిన వాటికి మోడల్ పేరు రాసిన చీటీ కట్టి పాత ఎస్ఎంపీఎస్‌తోనే ఉంచండి. కేబుళ్లు లేకుండా అమ్మే సెకండ్‌హ్యాండ్ మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ ఉచితంగా ఇచ్చినా వద్దు. ప్రమాణం రాసేవాళ్లు ఈ ఒక్క కొసను గాలికొదిలేయడం నాకు ఎప్పటికీ మింగుడుపడని సంగతి.

కొసల ముచ్చట వచ్చింది కాబట్టి, పెద్ద కార్డులకు వస్తున్న 16 పిన్ల కొత్త కనెక్టర్ గురించీ ఒక మాట. పాత 8 పిన్లలో 150 వాట్లంటే ఒక్కో పిన్ను మీద 4.2 ఆంపియర్లే. పిన్ను బలం దానికి రెట్టింపు దాకా ఉండేది. కొత్తదాంట్లో 600 వాట్లను ఆరు పిన్నుల మీద వేశారు, ఒక్కోదాని మీద 8.3 ఆంపియర్లు. కాస్త వదులైతే చాలు, కరిగిపోతుంది. 2022 చివర్లో అలా కరిగిన ఫొటోలు లోకమంతా తిరిగాయి. తర్వాత సెన్స్ పిన్నులు (కనెక్టర్ గుచ్చారని కార్డుకు తెలిపే చిన్న పిన్నులు) పొట్టిగా చేసి, పూర్తిగా గుచ్చకపోతే కార్డు పవర్ లాగకుండా సవరించారు. ముందే చేయాల్సిన పని. మీ కార్డుకు అదే ఉంటే టక్కుమనేదాకా నొక్కండి, అంచు దగ్గర సందు కనిపించకుండా చూడండి, కనెక్టర్ నుంచి 3.5 సెంటీమీటర్ల దాకా తీగ వంచకండి.

ప్రశ్న: ఆఫీసుల్లో వాడి అమ్మేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ కొన్నాను. ఎస్ఎంపీఎస్ 240 వాట్లే. ఏ కార్డు పడుతుంది? – కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

విడిగా పవర్ కేబుల్ అడగని, 75 వాట్ల లోపు కార్డు. స్లాట్ నుంచే అంత వస్తుంది. క్యాబినెట్ సన్నటిదైతే లో ప్రొఫైల్ (తక్కువ ఎత్తు) పట్టీతో వచ్చేది చూడండి. పెద్ద ఎస్ఎంపీఎస్ వేద్దామనుకుంటే ముందు మదర్‌బోర్డు సాకెట్ చూడండి. మామూలు 24 పిన్లు కాకుండా సొంత ఆకారం పెట్టిన మోడళ్లు చాలా ఉన్నాయి. అన్నట్టు, మీ 240ని చిన్నచూపు చూడకండి. అలాంటి చాలా వాటిలో దాదాపు వాట్లన్నీ 12 వోల్టుల లైన్‌లోనే ఉంటాయి. పైన ఖమ్మం పాఠకుడి 450 కన్నా అదే నయం కావచ్చు.

ప్రశ్న: కార్డు వేశాక గేమ్ మొదలైన పది నిమిషాలకు కంప్యూటర్ టక్కున ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. షాపులో ఎస్ఎంపీఎస్ చెక్ చేసి బాగుందన్నారు. – కర్నూలు నుంచి ఒక పాఠకుడు

ఎలా చెక్ చేశారో ఊహించగలను. 24 పిన్లలో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో పేపర్ క్లిప్పు పెట్టి కలిపారు, ఫ్యాన్ తిరిగింది, ‘ఓకే సార్’ అన్నారు. అది బతికుందో లేదో మాత్రమే చెబుతుంది. నడవగలడా అని అడిగితే నాడి చూసి పంపించినట్టు.

ముందు యూపీఎస్ తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి ఆడండి. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది సాధారణంగా 360 వాట్లే. మానిటర్ కూడా దాని మీదే ఉంటే దోషి దొరికినట్టే. అయినా ఆగుతుంటే, కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించి అదే గేమ్ గంట ఆడండి. ఆగకపోతే తప్పు ఎస్ఎంపీఎస్‌ది. విండోస్ తప్పులు నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని చూసి కంగారు పడొద్దు, ఉన్నట్టుండి ఆగిందని తప్ప ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. మల్టీమీటర్ ఉంటే గేమ్ నడుస్తుండగా మోలెక్స్‌లోని (ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే నాలుగు పిన్ల పాత కనెక్టర్) పసుపు, నల్ల తీగల మధ్య చూడండి: 11.4 వోల్టులకు దిగితే మార్చాల్సిందే. ఎస్ఎంపీఎస్ మూత మాత్రం తీయకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

మీ ఉత్తరం చివర్లో, క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే జివ్వుమంటోందని మామూలుగా రాసేశారు. అది మామూలు కాదు, మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 115 వోల్టుల దాకా కనిపిస్తుంది. కరెంటు స్వల్పమే గానీ, ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే నిప్పురవ్వ లేచి కొత్త కార్డు పోర్టు పోవచ్చు. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య ఎంత వోల్టేజీ వస్తుందో, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే రావాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించాకే కార్డు సంగతి చూడండి.