తిరుపతిలో ఉద్యోగం చేస్తూ క్రైస్తవ విశ్వాసాన్ని ధైర్యంగా పాటించడం ఎలా?

తిరుపతిలో పనిచేసే చోట క్రైస్తవుడినని చెప్పుకోవడానికి జంకుతున్నానని, ధైర్యం ఎలా వస్తుందని అడిగారు. బైబిలు చెప్పే ధైర్యం పుట్టుకతో వచ్చిన తెగువ కాదు. ప్రధాన యాజకుని ఇంటి ముంగిట మంట దగ్గర చలి కాచుకుంటూ యేసును ఎరుగనని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురే, ఆ తరువాత యెరూషలేములో మహాసభ (యూదు పెద్దల న్యాయసభ) ఎదుట నిలబడి మాట్లాడాడు. అప్పుడు విశ్వాసులు కూడి ప్రార్థించినది బెదిరింపులు తొలగాలని కాదు, వాటి మధ్యనే ధైర్యంగా వాక్యం చెప్పగలగాలని (అపొస్తలుల కార్యములు 4:29).

మీకు ఎదురయ్యే పరీక్ష బహుశా చిన్నదే. కొండకు వెళ్లివచ్చిన సహోద్యోగి కాగితంలో లడ్డూ ముక్క పెట్టి అందించినప్పుడు, తినడానికి మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే, షుగరు ఉందని సాకు చెప్పక, ఉన్న కారణాన్నే మర్యాదగా చెప్పండి. అడిగినవారికి సాత్వికంతో జవాబివ్వమని వ్రాసినది కూడా ఆ పేతురే (1 పేతురు 3:15). తిరుమలలో అన్యమత ప్రచారం నిషిద్ధం. దానిని ధిక్కరించడం నా దృష్టిలో దుడుకుతనమే గాని సాక్ష్యం కాదు. విశ్వాసాన్ని మాటలతోనే కాదు, సేవతోనూ చాటవచ్చు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీలు 1915లో తెరిచిన క్షయ ఆసుపత్రి, ఆ జబ్బుకు సరైన మందే లేని రోజుల్లో రోగుల పక్కన నిలిచింది.