అదనపు సమయం అడిగే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ క్లాసులో చదవడం, రాయడం కష్టంగా ఉన్న ఇద్దరు పిల్లలకు మెట్రిక్ పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ (వాళ్లు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి) ఇప్పించాలని తిరుగుతున్నావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఒడిశాలో ఆ రాయగడ బళ్లో టీచరుగా చేరి ఏడాదైనా కాలేదు. ఎంత గర్వపడ్డానో, అంత బెంగగానూ ఉంది.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. ప్రభుత్వాసుపత్రి సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చిపెట్టుకో. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్క్రైబ్ తీసుకున్నవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని చెప్పారు. మీ బోర్డు ఎంత ఇస్తుందో రాతపూర్వకంగా అడుగు. 40 శాతం వైకల్యం లేదని ఎవరైనా తిప్పి పంపితే, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించు. రాయబోతే చెయ్యి పట్టేసే అభ్యర్థి కేసు అది. స్క్రైబ్‌కు ఆ శాతం అడ్డు కాదని తేల్చింది.

నా భయం వేరే. ఆ ఇద్దరిలో ఒకడిది తెలుగు ఇల్లు అన్నావు కదా.

నేను పర్లాకిమిడిలో పనిచేసిన రోజుల్లో ఒక బళ్లో ఇలాంటి పిల్లాడే ఉండేవాడు. పాఠం తెలుగులో అడిగితే గడగడా చెప్పేవాడు. ఒడియా పుస్తకం చేతికిస్తే నోరు పెగిలేది కాదు. "ఇంట్లో తెలుగు కదా, మెల్లగా వస్తుందిలే" అని ప్రతి టీచరూ పై క్లాసుకు తోసేశారు. వాళ్ల అమ్మమ్మ దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడని తెలిసి, ఒకరోజు తెలుగు వాచకం ఇచ్చి చూశాం. వేలు లైను కింద పెట్టుకుని "పలక"ను "పకల" అని చదివాడు. ముక్కు మీద చెమటలు. లోపం ఒడియాలో లేదు తల్లీ, చదవడంలోనే ఉంది. అప్పటికే ఆలస్యమైపోయింది. మెట్రిక్ తప్పి సూరత్ మగ్గాల పనికి వెళ్లిపోయాడు. అప్పుడు చట్టంలో ఈ ఇబ్బందికి పేరైనా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో డిస్లెక్సియా అనే పేరుతో వచ్చింది.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. భాష రాని పిల్లాడికి జబ్బని పేరు పెట్టడం. అందుకే నల్లబల్ల మీది నాలుగు లైన్లు పుస్తకంలోకి ఎక్కించుకోమని చెప్పి చూడు. భాష మాత్రమే రానివాడు అర్థం తెలియకపోయినా సాధారణంగా సరిగ్గానే దించుతాడు. చాలాకాలంగా తెలిసిన అక్షరాలనే తారుమారు చేస్తుంటే అనుమానించు. తెలుగు లిపి నేర్పని పిల్లాడి చేత తెలుగు చదివించి తీర్పు చెప్పేవు, జాగ్రత్త! తేల్చాల్సింది డాక్టరు, నువ్వు కాదు.

స్క్రైబ్ వస్తే పిల్లాడినీ, స్క్రైబ్‌నూ ముందునుంచే పక్కపక్కన కూర్చోబెట్టి పాత పేపర్లు రాయించు. మనవాడు తెలుగులో ఆలోచించి ఒడియాలో చెప్పాలి, అవతలివాడు తొందరపెట్టకుండా వినాలి. ఇది పరీక్ష హాల్లో మొదలుపెడితే ఆ అదనపు సమయం టెన్షన్‌కే సరిపోతుంది.

ఆస్పత్రికి వాళ్లమ్మను వెంట తీసుకెళ్లు. ఆవిడకు ఒడియా అంతగా రాకపోతే డాక్టరు మాటలు నువ్వే విడమరిచి చెప్పు. నువ్వు కూడా మధ్యాహ్నం అన్నం మానేసి తిరగకు. ఆదివారం ఫోన్ చేసి ఆ పిల్లాడు ఎలా దించాడో నాకు చెప్పు.

మీ పెదనాన్న