మాటలు రాని పిల్లవాడి ఇంగ్లీషును ఎలా కొలుస్తారు?

మీ బాబుకు మాటలు రావని, డాలస్ దగ్గర మూడో తరగతి చదువుతున్నాడని, ఇంటి భాష వేరై ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు పెట్టే టెల్పాస్ ఆల్టర్నేట్ అనే ఇంగ్లీషు పరీక్ష వాడికి ఉంటుందని బడి నుంచి ఉత్తరం వచ్చిందని రాశారు. చేర్చేటప్పుడు ఇంటి భాష తెలుగు అని రాయడమే పొరపాటా అని అడిగారు. పొరపాటు కాదు. మా అబ్బాయికి ఆటిజంతో పాటు మేధో వైకల్యం కూడా ఉంది, టెక్సస్‌లోనే ఈ వ్యవహారమంతా చూశాము కాబట్టి తెలిసినంత చెబుతాను.

ఇందులో పిల్లల ముందు ప్రశ్నపత్రం పెట్టరు. రెండు నుంచి పన్నెండో తరగతి వరకు, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం ఏర్పరచిన ఈ పద్ధతిలో, వాడిని బాగా ఎరిగిన టీచరు వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగింటికీ పదేసి చొప్పున 40 అంశాలను తరగతిలో గమనించి, ఒక్కొక్క అంశం కింద ఉన్న ఐదు వర్ణనలలో వాడికి సరిపోయేదాన్ని గుర్తిస్తారు. మాట్లాడడమంటే నోటితోనే అని కాదు, సైగలూ, మాటకు బదులు బొమ్మ నొక్కే టాబ్లెట్టూ లెక్కలోకి వస్తాయి.

అసలు చిక్కు వేరే చోట ఉంది. బిడ్డ ఒక పని చేయలేకపోతే అది వైకల్యం వల్లనా, భాష రాకపోవడం వల్లనా అన్నది బడివాళ్లకు తెలియదు. మావాడు ఒక్క సూచన కూడా పాటించడని మొదటి ఏడాది టీచరు రాశారు. ఇంట్లో మా అత్తగారు "కంచం సింకులో పెట్టి, చెప్పులు వేసుకో నాన్నా" అంటే రెండు పనులూ వరుసగా చేసేవాడు. అది ఫోనులో తీసి, స్పెషల్ ఎడ్యుకేషన్ గురించి తల్లిదండ్రులూ బడివాళ్లూ కూర్చుని నిర్ణయించే ఆర్డ్ మీటింగులో చూపించాను. ఆ తరువాత టీచరు అవే మాటలను ఇంగ్లీషులో, వస్తువు చూపిస్తూ, రోజూ ఒకే తీరున చెప్పడం మొదలుపెట్టారు. కొన్ని వారాలకు చూపించకుండా చెప్పినా కంచం తీశాడు. ఆ వీడియో లేకపోతే ఐఈపీలో, అంటే వాడి కోసం రాసే చదువు ప్రణాళికలో, లక్ష్యాలను ఇంకా కిందికి దించేవారు.

దీనికి ఎదురు సంగతి కూడా చెప్పాలి. టాబ్లెట్టులో "వాటర్" బొమ్మ నొక్కుతున్నాడని టీచరు సంతోషించారు. ఇంట్లో నేను బొమ్మల వరుస మార్చి చూస్తే, దాహం వేసినప్పుడు వాడు అదే మూల నొక్కాడు, అక్కడ ఇప్పుడు "బాల్" ఉంది. వాడికి తెలిసింది చోటు, మాట కాదు. ఆ విషయం నేనే వెళ్లి చెప్పాను, ఆ అంశంలో వాడి స్థాయి తగ్గింది. మా ఆయనకు అది నచ్చలేదు గానీ, లేని ఇంగ్లీషు ఉన్నట్టు రాస్తే నేర్పడం ఆపేస్తారన్నది నా భయం.

స్పెషల్ ఎడ్యుకేషన్ కావాలంటే ఇంగ్లీషు సహాయం వదులుకోవాలని మాకు ఒకరు చెప్పారు. అది తప్పు, రెండింటికీ అర్హత ఉన్న బిడ్డకు రెండూ ఇవ్వాలని 2015 జనవరిలో ఫెడరల్ విద్యా, న్యాయ శాఖలు బడులకు స్పష్టంగా రాశాయి. ఆ లేఖను 2025లో వెనక్కి తీసుకున్నారు గానీ, దాని వెనక ఉన్న చట్టాలు మారలేదు. ఇంగ్లీషు సహాయం వద్దని మీరు సంతకం పెట్టినా టెల్పాస్ తప్పదు. మామూలు టెల్పాస్ కాక ఈ ఆల్టర్నేట్ పద్ధతి మీవాడికి తగునా అన్నది ఆర్డ్ కమిటీ, ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల సంగతి చూసే ఎల్‌ప్యాక్ అనే బడి కమిటీ కలిసి నిర్ణయిస్తాయి. గమనింపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సాగుతుంది కనుక, వాడికి తెలుగులో అర్థమయ్యే మాటల పట్టికను, ఒకటి రెండు చిన్న వీడియోలను సంక్రాంతిలోపే టీచరు చేతికి ఇవ్వండి. మీటింగుకు తెలుగు దుబాసీని అడగండి, ఖర్చు బడిదే.