స్కాలర్‌షిప్ పోను మీరు కట్టాల్సింది ఎంత? ముందు ఆ లెక్క వేయండి

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఏడాది స్కూల్ చదువు పూర్తి చేస్తుంది, డిగ్రీ బయటి దేశంలో చేస్తానంటోంది. మార్కులు బాగానే వస్తాయి. స్కాలర్‌షిప్‌కి అప్లై చేస్తే ఖర్చంతా కవర్ అయిపోతుందని అందరూ అంటున్నారు, తక్కువ పడితే మా రిటైర్మెంట్‌ కోసం దాచుకున్నది తీసి ఇద్దామని నేనూ మావారూ అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: ఒక్క మాట ముందే చెప్పేస్తాను మేడమ్, రిటైర్మెంట్ డబ్బు జోలికి వెళ్లొద్దు. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు స్కాలర్‌షిప్ సంగతి చూద్దాం.

పేరున్న స్కాలర్‌షిప్‌లు చాలావరకు పీజీ వాళ్లకే. బ్రిటన్ వాళ్ల చెవెనింగ్ గానీ యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ గానీ మాస్టర్స్ కోసం, డిగ్రీకి కాదు. ఇది తెలీక పిల్లలు నెలలకి నెలలు వాటి చుట్టూ తిరుగుతుంటారు, చూస్తే బాధేస్తుంది. డిగ్రీ స్థాయిలో డబ్బు ఎక్కువగా వచ్చేది యూనివర్సిటీ నుంచే, లేదా కొన్ని దేశాల ప్రభుత్వాల నుంచి. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ డిగ్రీ వాళ్లకి కూడా ఉంది, ఫీజు ఉండదు, నెలకి 1,17,000 యెన్‌ల చుట్టుపక్కల ఇస్తారు, మొదటి ఏడాది భాష నేర్పిస్తారు. కెనడాలో టొరంటో యూనివర్సిటీ వాళ్ల లెస్టర్ పియర్సన్ స్కాలర్‌షిప్ నాలుగేళ్ల ఫీజు, పుస్తకాలు, హాస్టల్ అన్నీ చూసుకుంటుంది, కానీ ఏటా సుమారు 37 మందికే, పైగా స్కూల్ వాళ్లే నామినేట్ చేయాలి, మన అంతట మనం అప్లై చేయలేం. అందుకే స్కూల్ తెరవగానే ప్రిన్సిపాల్ గారిని కలిసి అడగండి, ఆలస్యం చేస్తే ఆ నామినేషన్ ఇంకో పిల్లకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. "ఫుల్ స్కాలర్‌షిప్" అని రాసుంటే అది ఫుల్ దేనికో చూడాలి. హంగరీ ప్రభుత్వం ఇచ్చే స్టైపెండియం హంగారికమ్ తీసుకోండి, ఫీజు అస్సలు ఉండదు, నిజంగా మంచి స్కాలర్‌షిప్, కానీ డిగ్రీ పిల్లలకి నెలకి ఇచ్చేది 43,700 ఫోరింట్లు, బతకడానికి అది చాలదు, మిగతాది ఇంటి నుంచి పంపాల్సిందే. చాలాచోట్ల ఫుల్ ట్యూషన్ అంటే ట్యూషనే, ఉండటం, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్, విమానం టికెట్లు, వీసా ఇవన్నీ మీవే. అమెరికాలో అయితే ఇంకోటి కూడా ఉంది, స్కాలర్‌షిప్‌లో ఫీజుకి, పుస్తకాలకి పోయే భాగం మీద టాక్స్ లేదు గానీ ఉండటానికీ తిండికీ ఇచ్చే భాగం మీద టాక్స్ పడుతుంది, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి మామూలుగా 14 శాతం పట్టుకుంటారు (కొన్ని దేశాలతో టాక్స్ ఒప్పందాలు ఉంటాయి, అది వేరే). ఈ 14 శాతం సంగతి అడ్మిషన్ లెటర్‌లో పెద్ద అక్షరాలతో ఎవరూ రాయరు.

అందుకని ప్రతి కాలేజీకీ ఒకటే లెక్క వేయండి, మొత్తం ఖర్చులోంచి స్కాలర్‌షిప్ తీసేస్తే మిగిలేది ఎంత అని, అది కూడా నాలుగేళ్లకి. ఉదాహరణకి ఒక కాలేజీలో ఏడాదికి మొత్తం 60 వేల డాలర్లు అవుతుంది, మెరిట్ స్కాలర్‌షిప్ 20 వేలు ఇచ్చారు అనుకుందాం. 40 వేలు ఇంటూ నాలుగు, లక్షా 60 వేలు అని అందరూ అక్కడ ఆగిపోతారు. కానీ ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుంది అనుకుంటే, స్కాలర్‌షిప్ మాత్రం అదే 20 వేల దగ్గర ఉండిపోతుంది కాబట్టి, మీరు కట్టేది లక్షా 74 వేలు దాటుతుంది. మరో కాలేజీ 5 వేలే ఇచ్చింది, కానీ మొత్తం ఖర్చే 30 వేలు, అప్పుడు మీ చేతి నుంచి పోయేది మొదటి ఏడాది 25 వేలే. చుట్టాలకి చెప్పుకోడానికి 20 వేలు బాగుంటుంది, కట్టడానికి రెండోదే తేలిక. అలాగే ఆ స్కాలర్‌షిప్ ప్రతి ఏడాదీ రెన్యూ అవ్వాలంటే జీపీఏ (అంటే మార్కుల సగటు) ఎంత ఉండాలో అడగండి. కొత్త దేశంలో మొదటి సెమిస్టర్ ఎంత బాగా చదివే పిల్లలకైనా కష్టంగానే ఉంటుంది, కటాఫ్ మరీ పైన ఉంటే ఆ డబ్బు నాలుగేళ్లూ వస్తుందని లెక్కలో వేసుకోకండి.

అమెరికాలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హర్స్ట్ లాంటి కొన్ని చోట్ల విదేశీ పిల్లలు డబ్బు సాయం అడిగినా అడ్మిషన్‌ మీద దాని ప్రభావం ఉండదు, సీటొస్తే వాళ్ల లెక్క ప్రకారం మీకు తక్కువ పడేదంతా ఇస్తారు. సీటు రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. మిగతా చాలా కాలేజీల్లో మాత్రం ఎంత సాయం కావాలి అన్నది కూడా చూసే సీటు ఇస్తారు. అది విని కొంతమంది తల్లిదండ్రులు అవసరం తగ్గించి రాస్తారు, సీటు వచ్చాక మెల్లగా అడుగుదాంలే అని. దయచేసి అలా చేయొద్దు. అప్లై చేసేటప్పుడు అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వం అని చాలా కాలేజీల రూల్. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ఇలాగే చేసి, సీటు వచ్చాక సాయం అడిగితే కుదరదన్నారు, రెండో ఏడాది మధ్యలో అబ్బాయి వెనక్కి వచ్చేశాడు, కట్టిన డబ్బంతా పోయింది, వాడి మనసు కుదుటపడటానికే ఏడాది పట్టింది.

సాయం అడగడానికి అమెరికాలో చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి, అందులో ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలు రాయాలి, మామూలుగా అక్టోబర్ 1న తెరుస్తారు, మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఫీజు కష్టం అనిపిస్తే కాలేజీకే మెయిల్ పెట్టండి, కొన్ని మాఫీ చేస్తాయి, వేరే ఫారం తీసుకునేవి కూడా ఉన్నాయి. జీతం, ఆస్తి, అప్పుల కాగితాలు ఆగస్టులోనే తీసి పెట్టుకోండి. ఇంకోటి, స్కాలర్‌షిప్ గ్యారంటీ అని చెప్పి ముందే డబ్బు అడిగేవాళ్లకి ఒక్క పైసా ఇవ్వకండి.

స్కాలర్‌షిప్ లేకుండానే ఖర్చు తగ్గే దారి కూడా లిస్టులో పెట్టండి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు లేదు (బాడెన్ వుర్టెంబర్గ్‌లో యూరప్ బయటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది, మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా ఇప్పుడు తీసుకుంటోంది). కానీ వీసాకి ఏడాది ఖర్చు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్యాంకు ఖాతా) చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. డిగ్రీ చాలావరకు జర్మన్‌లో ఉంటుంది కాబట్టి అమ్మాయి భాష ఇప్పుడే మొదలుపెట్టాలి, స్కూల్ సర్టిఫికెట్‌ని బట్టి ముందు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు చేయమనొచ్చు కూడా, ఆ ఏడాది ఖర్చు కలుపుకోండి.

ఇక రిటైర్మెంట్ డబ్బు. అమ్మాయికి చదువు అయ్యాక సంపాదించడానికి ముప్పై, నలభై ఏళ్లు ఉంటాయి, మీకు ఆ డబ్బు మళ్లీ కూడబెట్టే టైం లేదు. అది ఖాళీ అయితే రేపు మిమ్మల్ని చూసుకునే భారం ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచే ఆ పిల్ల మీద పడుతుంది, మీరు కోరుకునేది అది కాదు కదా. మీ నెల జీతంలోంచి, చదువు కోసం విడిగా దాచినదాంట్లోంచి ఏడాదికి ఎంత ఇవ్వగలరో మీరిద్దరూ కూర్చుని ఒక నంబర్ అనుకోండి, మన డబ్బు విలువ పడిపోవచ్చు కాబట్టి అందులోంచి పది శాతం పక్కన పెట్టండి, మిగిలిన నంబర్ ఈ వారమే అమ్మాయికి చెప్పండి. ఏప్రిల్‌లో సీటు చేతికి వచ్చాక కాదు, ఇప్పుడే. తను పెద్దపిల్ల, ఆ నంబర్ తెలిస్తే కాలేజీలు తనే వెతుక్కుంటుంది. లిస్టు తయారయ్యాక ఒక్కో కాలేజీకి మొత్తం ఖర్చు, స్కాలర్‌షిప్, మీరు కట్టేది అని మూడు కాలమ్‌లు వేసి నాకు పంపండి, నేను చూసి ఎక్కడ తేడా ఉందో చెప్తాను.